డీలర్ డబ్బాలో అరుదైన నాణెం దొరికితే ఆయనకి చెప్పాలా, అక్కర్లేదా?

చిల్లరడబ్బా:
నిన్న దగ్గర్లో జరిగిన కాయిన్ షోకి వెళ్లొచ్చాను. పెద్దదేం కాదు, ఒక హాలు, పాతిక టేబుళ్లు, సగంమంది డీలర్లు ఒకరి సరుకు ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. ముందు వరసలో స్లాబుల్లో, అంటే గట్టి ప్లాస్టిక్ పెట్టెల్లో, సీలు చేసిన ఖరీదైన నాణేలు కాసేపు కళ్లప్పగించి చూసి, జేబు సంగతి గుర్తొచ్చి మెల్లగా వెనక వరసకి జారుకున్నాను. అక్కడ ఒక పెద్దాయన టేబుల్ మీద పాత రేకు డబ్బా నిండా అమెరికన్ వెండి డైములు, అంటే పది సెంట్ల నాణేలు. ఎన్ని కావాలంటే అన్ని ఏరుకోవచ్చు, వెండి బరువు లెక్కన రేటు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను, గంటన్నర ఏరాను, వేళ్లన్నీ నల్లబడ్డాయి.

మెర్క్యురీ డైములు తెలుసుగా, 1916 నుంచి 1945 దాకా కొట్టినవి, రెక్కల టోపీ పెట్టుకున్న ఆవిడ బొమ్మ. నిజానికి ఆవిడ లిబర్టీ, ఆ రెక్కలు చూసి జనం మెర్క్యురీ దేవుడనుకున్నారు, పేరు అలాగే స్థిరపడిపోయింది. 1942వి బోలెడు వచ్చాయి. వాటిలో ఒకదాని మీద చూపు ఆగింది. చివరి 2కి ఎడమ పక్కన సన్నగా ఒక నిలువు గీత. లూప్, అదే చిన్న భూతద్దం, పెట్టి చూస్తే అది గీత కాదు, 1. అంటే 1942/1, 1 మీద 2 పడ్డ అరుదైన రకం. చెయ్యి వణికింది, అబద్ధం ఎందుకు. దాన్ని మిగతా పదకొండిటి మధ్య పెట్టి, పన్నెండూ తూకం వేయించి, డబ్బులిచ్చి వచ్చేశాను. ఆయనకి ఒక్క మాట చెప్పలేదు.

రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. సంతోషం వల్లో ఇంకెందువల్లో తేలడం లేదు. మీరైతే చెప్పేవారా?

నిక్కచ్చి:
ఇందులో చర్చ ఏముందండీ. ఆయన రేటు ఆయనే పెట్టాడు, మీరు ఆ రేటు ఇచ్చారు. గంటన్నర కూర్చుని ఏరింది మీరు. 1942లో ఏం వెతకాలో తెలుసుకోవడానికి ఎన్ని రాత్రులు ఫొటోలు ముందేసుకుని కూర్చున్నారో మీకే తెలుసు. ఆ తెలివికి కూలి ఎవరిస్తారు? ఇలా దొరికినప్పుడే వస్తుంది. అసలు చెర్రీపికింగ్, అంటే మామూలు వాటిలోంచి అరుదైనవి ఏరుకునే సరదా, లేకపోతే ఆ డబ్బాల దగ్గర ఎవరు కూర్చుంటారు? అందరం వెండి కడ్డీలే కొనుక్కుందుం.

భూతద్దం:
నీతి సంగతి తర్వాత. ముందు 4 చూశారా? ఫొటో పెట్టండి.

పాతముద్ర:
నేను చెప్పాను ఒకసారి. ఏం జరిగిందో వినండి.

బఫెలో నికెల్స్, అంటే ఎద్దు బొమ్మ ఉన్న అమెరికన్ ఐదు సెంట్ల నాణేల డబ్బాలో 1937 డెన్వర్ మింట్ నాణెం ఒకటి దొరికింది, మూడు కాళ్లది. డై, అంటే నాణెం కొట్టే అచ్చు, దాని మీద పడ్డ దెబ్బలు పోగొట్టాలని మింట్‌లో ఎవరో గట్టిగా అరగదీస్తే ఎద్దు ముందు కాలొకటి మాయమైన రకం అది. డబ్బులు ఇవ్వకముందే, పెద్ద పెద్దమనిషిలాగా, "సర్, ఇది చూశారా, దీనికి మూడు కాళ్లే" అన్నాను. ఆయన నా చేతిలోంచి లాక్కున్నంత పని చేసి చొక్కా జేబులో వేసుకున్నాడు. "ఇది అమ్మకానికి కాదు." అంతే. థాంక్స్ లేదు, ఆ పూట కొన్న వాటి మీద తగ్గింపూ లేదు. తర్వాతి షోలో అదే నాణెం అదే టేబుల్ మీద కొత్త ఫ్లిప్‌లో, అదే చిన్న ప్లాస్టిక్ కవర్లో, గాజు కింద దర్జాగా కూర్చుని ఉంది. నన్ను గుర్తు కూడా పట్టలేదాయన.

అప్పటినుంచీ నోరు విప్పడం మానేశాను.

సాలెగూడు:
పాతముద్ర గారూ, ఆయన మర్యాద లేని మనిషి, ఒప్పుకుంటాను. కానీ డబ్బు చేతులు మారేదాకా ఆ నాణెం ఆయనదే కదా. మీరు చెప్పింది నిజం, ఆయన ఉంచుకున్నది తన వస్తువు. ఇందులో మోసం ఎక్కడుంది? మీకు జరిగింది అవమానం, నష్టం కాదు. ఈ రెంటినీ కలిపేసి ఇకమీద ఎవరికీ చెప్పను అనడం నాకు నచ్చలేదు.

పాతముద్ర:
ఆ కుర్చీలో మీరు కూర్చుని ఉంటే నచ్చేది.

ఎదురుబల్ల:
నేను టేబుల్‌కి అవతలి పక్క కూర్చునే వాణ్ని, చిన్న డీలర్ని. మా వైపు లెక్క చెబుతాను, ఆ తర్వాత తిట్టుకోండి.

ఒక డైము 2.5 గ్రాములు, అందులో 90 శాతం వెండి. అంటే కిలోకి 400 నాణేలు. ఎవరిదో ఇంటి సేకరణ మొత్తంగా కొన్నప్పుడు 5 కిలోలు వచ్చాయనుకోండి, 2000 నాణేలు. ఒక్కోదానికి లూప్ కింద పావు నిమిషం పెట్టినా 8 గంటల పైమాటే, అదీ కళ్లు మూయకుండా. అందులో ఏమీ దొరకని రోజులే ఎక్కువ. అందుకని మింట్‌మార్కు (ఏ టంకశాలదో చెప్పే అక్షరం), బాగా తెలిసిన సంవత్సరాలు పైపైన చూసి, మిగతావి డబ్బాలో పోసి బరువుకి అమ్మేస్తాను. డబ్బా రేటులోనే నా బద్ధకం ఖరీదు కలిసి ఉంది. అందులో మీకేదైనా దొరికితే నాకు కోపం లేదు. ఇంకో మాట, షో తలుపులు తెరవకముందు, టేబుళ్లు సర్దుకునే టైములో, మేం డీలర్లం ఒకరి డబ్బాలు ఒకరు ఎలా కెలుకుతామో మీరు చూడాలి. ఆ పెద్దాయన కూడా పక్కవాళ్ల దగ్గర ఏరే ఉంటాడు.

నాకు మండేది ఇంకో రకం వాళ్లని చూస్తే. నాణెం ఏమిటో పూర్తిగా తెలిసి, ఏమీ తెలియనట్టు మొహం పెట్టి "ఇది అరిగిపోయినట్టుంది కదండీ, కొంచెం తగ్గించండి" అనేవాళ్లు. ఏరుకో, డబ్బివ్వు, వెళ్లు. నాటకం వద్దు.

నిక్కచ్చి:
అద్గదీ. డీలరే చెప్పేశాడు, కేసు కొట్టేయొచ్చు.

సాలెగూడు:
ఒక డీలర్ తన టేబుల్ గురించి చెప్పాడు, ఆ పెద్దాయన తరఫున కాదు. సరే, ఇంకోలా అడుగుతాను. అదే డబ్బా, అవే డైములు, కానీ టేబుల్ దగ్గర కూర్చున్నది డీలర్ కాదు. తండ్రి పోయాక ఆయన దాచుకున్నవి అమ్ముదామని తెచ్చిన ఒకావిడ. వాటి గురించి ఆవిడకి ఏమీ తెలియదు, వెండి బరువుకి అమ్మమని ఎవరో చెప్పారు. అప్పుడూ ఇదే మాటంటారా నిక్కచ్చి గారూ?

నిక్కచ్చి:
అది వేరు. అప్పుడు చెబుతాను.

సాలెగూడు:
ఎందుకు వేరు? ఆవిడా రేటు తనే పెట్టింది, మీరూ ఆ రేటే ఇచ్చారు. మీ మొదటి పోస్టులో వాదన అంతా అదే కదా.

నిక్కచ్చి:
డీలర్‌కి తెలుసుకునే అవకాశం ఉంది, లూప్ ఉంది, అది ఆయన వృత్తి. ఆవిడకి అవేమీ లేవు. తెలుసుకోగలిగి తెలుసుకోని వాడికి నేను పాఠం చెప్పక్కర్లేదు, అంతే నా పాయింటు. మొదటి పోస్టులో ఇంత వివరంగా రాయలేదు, నిజమే.

తాళపత్రం:
ఇది మన తరంలో పుట్టిన గొడవ కాదండీ. రోమ్ రాజకీయవేత్త సిసెరో క్రీ.పూ. 44లో కొడుక్కి బుద్ధులు చెబుతూ రాసిన వాటిలో దాదాపు ఈ ప్రశ్నే ఉంది. ఒకడు బంగారాన్ని ఇత్తడి అనుకుని అమ్ముతున్నాడు. మంచివాడైతే అది బంగారమని చెప్పాలా, లేక వెయ్యి దేనారియస్‌ల సరుకు ఒక్క దేనారియస్‌కి కొనేసుకోవాలా? దీని మీద డయోజనీస్, యాంటిపేటర్ అని ఇద్దరు స్టోయిక్ తత్వవేత్తలు, గురుశిష్యులు, చెరో పక్క నిలబడ్డారు. గురువు అక్కర్లేదన్నాడు, శిష్యుడు చెప్పాల్సిందే అన్నాడు. (కుండలో కాపురమున్న డయోజనీస్ కాదు, ఈయన బాబిలోన్ ఆయన.)

నాకు ఇంకా దగ్గరగా అనిపించేది 1817లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఒకటుంది. బ్రిటన్‌తో యుద్ధం ఆగిపోయి సంధి కుదిరిందని ఒక వ్యాపారికి తెల్లవారుజామునే తెలిసింది, ఊళ్లో ఇంకా ఎవరికీ పెద్దగా తెలియదు. ఓడల దిగ్బంధం పోతుంది, పొగాకు రేటు లేస్తుంది. వెంటనే వెళ్లి పాత రేటుకే బోలెడు పొగాకు కొనేశాడు. నీకు తెలిసింది చెప్పాల్సిన బాధ్యత లేదు అంది కోర్టు. కానీ అక్కడితో ఆగలేదు, ఎదుటివాడు మోసపోయేలా ఏమీ అనకూడదు, చేయకూడదు అని కూడా అంది. ఎందుకంటే అమ్మేవాడు మధ్యలో అడిగాడట, రేటు పెరిగే వార్త ఏదైనా ఉందా అని. కొన్నవాడు ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నాడు. ఆ మౌనం మోసమా కాదా తేల్చమని కేసుని మళ్లీ విచారణకి పంపించారు.

అందుకని చిల్లరడబ్బా గారికి నాది ఒకటే ప్రశ్న. ఆ పెద్దాయన మిమ్మల్ని ఏమైనా అడిగాడా?

భూతద్దం:
పొగాకు బాగుంది. 4 ఫొటో ఏదీ?

చిల్లరడబ్బా:
గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నా పరిస్థితి. మొదటి పోస్టులో ఒక ముక్క రాయలేదు.

తూకం వేస్తూ ఆయన అడిగాడు. పన్నెండిటినీ అరచేతిలో పోసుకుని, వేలితో ఒకసారి అటూ ఇటూ కదిపి, నవ్వుతూ, "ఏమైనా మంచివి దొరికాయా బాబూ?" అన్నాడు. నేను "ఆ, మామూలువేనండీ" అన్నాను. ఆలోచించి అన్నది కాదు, నోట్లోంచి వచ్చేసింది. ఆ క్షణంలో అది ఆయన అరచేతిలోనే ఉంది, పై నుంచి రెండోదో మూడోదో, తేదీ పైకే ఉంది. కళ్లజోడు నుదుటి మీద ఉంది ఆయనకి. దించుకుంటాడేమో అని నేను ఊపిరి బిగబట్టాను. దించుకోలేదు.

నిద్ర పట్టనిది దీనికే అనుకుంటా.

నిక్కచ్చి:
అయ్యో, అది పలకరింపండీ. ప్రతి డీలరూ ప్రతివాణ్నీ అడిగే మాట. దానికి ప్రమాణం చేసి జవాబు చెప్పాలా?

ఎదురుబల్ల:
నేను కూడా రోజుకి నలభైసార్లు అడుగుతాను ఆ మాట. సగంసార్లు జవాబు కూడా వినను. కానీ చిల్లరడబ్బా గారూ, "ఒకటో రెండో దొరికాయండీ" అని ఉంటే సరిపోయేది. అది అబద్ధం కాదు, రహస్యం బయటపడేదీ కాదు. నేనైతే "శుభం" అని డబ్బులు లెక్కపెట్టుకునేవాణ్ని. "మామూలువే" అన్నారు చూశారా, అది నాకు కూడా కొంచెం గుచ్చుకుంది. ఆయన స్థానంలో ఉండి తర్వాత తెలిస్తే డైము పోయినందుకు బాధపడను, ఆ మాట మాత్రం గుర్తుంటుంది.

సాలెగూడు:
నేను మొదటినుంచీ చెప్పాలి అనే పక్షమే. కానీ ఇప్పుడు ఒక తేడా ఒప్పుకుంటున్నాను. ఊరుకోవడం ఒకటి, అడిగితే కాదనడం ఇంకొకటి. మొదటిది నాకు నచ్చదు, అయినా మనుషులు విడిపోయి వాదించుకోగలిగిన విషయం. రెండోదాన్ని ఇక్కడ ఎవరూ గట్టిగా సమర్థించలేదు, నిక్కచ్చి గారు కూడా పలకరింపు అని దాటవేశారు తప్ప.

నిక్కచ్చి:
దాటవేయలేదు. సరే, కొంచెం దాటవేశాను.

పాతముద్ర:
మరి ఆయన "మంచివి దొరికాయా" అంటే, "ఇదిగో 1942/1" అని చూపించి, ఆయన జేబులో వేసుకుంటుంటే చూస్తూ నిలబడాలా? చూపించేవాడు ఎప్పుడూ ఒకసారే చూపిస్తాడు. నా అనుభవం అది.

భూతద్దం:
మీరందరూ కోర్టు పెట్టేశారు, సాక్ష్యం ఇంకా రాలేదు. నేను 4 గురించి ఊరికే అడగడం లేదు. 1941 చివర్లో మింట్‌లో ఆ ఏడాది డైలు, వచ్చే ఏడాది డైలు ఒకేసారి తయారవుతున్నాయి. ఒక డై మీద ఒకసారి 1941 హబ్, అంటే డై మీద బొమ్మ దింపే మూల అచ్చు, ఇంకోసారి 1942 హబ్ పడ్డాయి. అంటే చివరి అంకె ఒక్కటే కాదు, దాని ముందున్న 4 కూడా రెండుసార్లు పడింది. అందుకే దీన్ని 1942/41 అని కూడా రాస్తారు. మామూలు 1942 నాణెం మీద మోసగాడు 1 ఒక్కటే చెక్కితే 4 శుభ్రంగా ఒంటరిగా ఉంటుంది. 4 చూడకుండా 1 చూసి ఎగిరితే పప్పులో కాలేసినట్టే. డబ్బాలోకి నకిలీ ఎలా వస్తుందంటారా, ఇంకెవరో మోసపోయి, విసుగొచ్చి బరువుకి అమ్మేసి ఉండొచ్చు. వెనక వైపు ఫొటో కూడా పెట్టండి, కట్టెల మోపు అడుగున ఎడమ పక్క డి ఉంటే డెన్వర్‌ది, ఏమీ లేకపోతే ఫిలడెల్ఫియాది. ఇంకోటి, దాన్ని మెత్తటి పీవీసీ ఫ్లిప్‌లో మాత్రం పెట్టకండి, పచ్చగా జిగురు పడుతుంది. తోమకండి కూడా.

చిల్లరడబ్బా:
ఫొటోలు పెట్టాను, పొద్దుటి వెలుతురులో తీసినవి. వెనక ఏ అక్షరమూ లేదు. 4 వాలు గీత పక్కన ఇంకో గీత ఉంది, లూప్‌లో స్పష్టంగా కనిపిస్తోంది, ఫొటోలో కొంచెం మసగ్గా వచ్చింది. తూకం 2.4 చిల్లర, అరిగిన నాణేనికి సరిపోతుందనుకుంటా.

భూతద్దం:
ఆఁ. 4 రెండు. ఫొటో మీద ఒట్టు పెట్టను, సర్టిఫై చేయించుకోండి, కానీ నాకైతే అసలుదే అనిపిస్తోంది. అభినందనలు. ఇప్పుడు చెప్పాలా వద్దా అంటే, అబ్బా, నకిలీ అయ్యుంటే ఎంత హాయిగా ఉండేదో.

తాళపత్రం:
సిసెరో మాత్రం చెప్పాలన్న శిష్యుడి వైపే మొగ్గాడు, అడిగారు కాబట్టి. ఎవరూ అడగలేదు, తెలుసు.

చిల్లరడబ్బా:
వచ్చే షోకి వెళ్లి ఆయనకి చెప్పేద్దామనుకుంటున్నాను. నాణెం వెనక్కిస్తానో లేదో ఇంకా తెలియదు, ఇవ్వాలని లేదు, నిజం చెప్పాలంటే. కానీ "మామూలువే" అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోవాలి.

నిక్కచ్చి:
వెళ్లకండి. ఆయన ప్రశాంతంగా ఉన్నాడు, మీరు వెళ్లి ఆయన నిద్ర కూడా చెడగొడతారు.

పాతముద్ర:
వెళ్తే నాణెం ఇంట్లో పెట్టి వెళ్లండి.

ఎదురుబల్ల:
వెళ్లండి, కానీ పొద్దున్న వద్దు. టేబుల్ చుట్టూ నలుగురు ఉన్నప్పుడు "మీ డబ్బాలో 1942/1 దొరికింది" అంటే ఆయన పరువు అందరి ముందూ పోతుంది, ఆ పూట ఇంకెవరితోనూ సరిగ్గా బేరం చేయలేడు. చివరి గంటలో, ట్రేలు సర్దుకుంటున్నప్పుడు వెళ్లండి. అప్పుడు కూర్చుని మాట్లాడతాం మేం. నాణెం తీసుకెళ్లండి, కళ్లజోడు దించుకుని చూడనివ్వండి. వెనక్కి అడుగుతాడని నేననుకోను. అడిగితే ఏం చేయాలో అప్పుడు మీకే తెలుస్తుంది.

చిల్లరడబ్బా:
సరే, చివరి గంటలోనే వెళ్తాను. టేబుల్ కింద ఆయనకి ఇంకో డబ్బా కూడా ఉంది, అది నేను తెరవనే లేదు.