స్మార్ట్‌ఫోన్‌ని కంప్యూటర్ అనొచ్చా? కాలేజీ ఫారంలో ఏం రాయాలి?

బీకాం_సీఏ_నర్సీపట్నం అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ రెండో ఏడాది. మా కాలేజీలో ఒక ఫారం ఇచ్చారు. అందులో "ఇంట్లో కంప్యూటర్ ఉందా?" అని ఉంది, పక్కన అవును, లేదు అని రెండు గళ్లు. లేదు అన్నవాళ్లకి సాయంత్రం ల్యాబ్‌లో అదనంగా గంట ఇస్తారట.

మా ఇంట్లో లాప్‌టాప్ గానీ డెస్క్‌టాప్ గానీ లేదు. నాకున్నది 4 జీబీ ర్యామ్ ఉన్న ఆండ్రాయిడ్ ఫోను. కానీ సి ప్రోగ్రాములన్నీ అందులోనే రాస్తాను. టెర్మక్స్ అని, ఫోన్లో లినక్స్ ఆదేశాలు నడిపే యాప్ వేసుకుని, అందులో సి ప్రోగ్రాముల్ని నడిచేలా మార్చే క్లాంగ్ కంపైలర్ పెట్టుకున్నా. పైథాన్ కూడా నడుస్తోంది. లింక్డ్ లిస్ట్, ఫైల్ హ్యాండ్లింగ్, ఏదైనా ముందు ఫోన్లో ఆడించి చూసుకున్నాకే ల్యాబ్‌కి వెళ్తాను. సెమికోలన్ కోసం కీబోర్డు మార్చుకోవాల్సి రావడం, ఎర్రర్ లైన్ తెర మీద మూడు ముక్కలై కనిపించడం, ఇవే నాకున్న కష్టాలు. ప్రోగ్రాముకి మాత్రం ఏ లోటూ లేదు.

మా పెదనాన్న గారబ్బాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. "ఫోను ఫోనే, కంప్యూటర్ కంప్యూటరే, లేదు అని టిక్కు పెట్టెయ్" అన్నాడు. నాకది ఒప్పుకోవాలనిపించడం లేదు. ఫోను కంప్యూటర్ కాకపోతే నా ప్రోగ్రాము దేని మీద నడుస్తున్నట్టు? తెలిసినవాళ్లు చెప్పండి.

డెవలపర్_కొండాపూర్:

మీ అన్నయ్య చెప్పిందే కరెక్ట్ అండి. సాంకేతికంగా చూస్తే వాషింగ్ మెషీన్‌లోనూ ప్రాసెసర్ ఉంటుంది, దాన్ని కంప్యూటర్ అనం కదా. నా లెక్క ఒకటే. ఆండ్రాయిడ్ యాప్ తయారు చేయాలంటే మామూలుగా ఆండ్రాయిడ్ స్టూడియో వాడతారు. అది విండోస్, మ్యాక్, లినక్స్ మీద నడుస్తుంది, ఫోను మీద నడవదు. ఐఫోన్ యాప్‌కి ఎక్స్‌కోడ్ కావాలి, దానికి మ్యాక్ ఉండాలి. తన మీద నడిచే యాప్‌ని తన మీదే తయారు చేసుకోలేని దాన్ని కంప్యూటర్ అని ఎలా అంటాం? చూడటానికి, మాట్లాడటానికి, డబ్బు పంపడానికి ఫోను. పని చేయడానికి కంప్యూటర్. లేదు అని పెట్టి ఆ అదనపు గంట తీసుకోండి.

సెల్_రిపేరు_రాజమండ్రి:

నేను దేవీచౌక్ దగ్గర సెల్ రిపేరు షాపు నడుపుతున్నానండి. అంతకు ముందు పెంటియం 4 బోర్డుల కాలంలో కంప్యూటర్ అసెంబ్లింగ్ చేసేవాణ్ని. రెండింటి కడుపులోనూ చేయి పెట్టినవాణ్ని కాబట్టి గట్టిగానే చెప్తాను. ఫోను కంప్యూటరే. కంప్యూటర్ లాంటిది కాదు, అచ్చంగా కంప్యూటరే.

చచ్చిన ఫోను బల్ల మీదికొస్తే ముందు బ్యాటరీ తప్పించి డీసీ పవర్ సప్లై తగిలిస్తాం. పవర్ బటన్ నొక్కి, సప్లై మీద ఆంపియర్ల అంకె చూస్తూ కూర్చుంటాం. మంచి ఫోనైతే ఆ అంకె లేస్తుంది, కొంచెం తగ్గుతుంది, మళ్లీ లేస్తుంది, అలా ఆడుతూ పోతుంది. ఆ ఆటలోనే కథంతా ఉంటుంది. పవర్ ఐసీ ఒక్కో లైనుకీ వరసగా వోల్టేజి వదులుతుంది. ప్రాసెసర్‌లో ఫ్యాక్టరీలోనే పెట్టేసిన చిన్న ప్రోగ్రాము లేస్తుంది. అది స్టోరేజి చిప్పులో ఉన్న బూట్‌లోడర్‌ని, అంటే సిస్టంని లేపే ప్రోగ్రాముని, వెతికి పట్టుకుంటుంది. బూట్‌లోడర్ వెళ్లి లినక్స్ కెర్నల్‌ని, అంటే సిస్టం గుండెకాయని, ర్యామ్‌లోకి ఎక్కిస్తుంది. ఆ కెర్నల్ మీదే ఆండ్రాయిడ్ మొత్తం లేచి నిలబడుతుంది. అంకె కొంచెం లేచి ఇక కదలకుండా ఆగిపోయిందనుకోండి, ప్రాసెసర్ లేచింది గానీ స్టోరేజిలో తనకి కావలసింది దొరకలేదేమో అని అనుమానిస్తాం. క్వాల్‌కామ్ ఫోనైతే అప్పుడు పీసీకి కేబులు పెడితే డివైస్ మేనేజర్‌లో 9008 అని పోర్టు కనబడుతుంది, ఫోను అత్యవసర స్థితిలో ఉందని దాని గుర్తు. మా లైన్లో ఎవరినడిగినా ఆ అంకె చెప్తారు. ఇప్పుడు డెస్క్‌టాప్ తీసుకోండి. బయోస్, హార్డ్ డిస్కు, విండోస్. వరస అదే. ఒకదాంట్లో ఈ పనంతా పలక మీదంత జాగాలో జరుగుతుంది, ఇంకోదాంట్లో అగ్గిపెట్టెంత జాగాలో.

మంచి ఫోన్లు చాలావాటిలో షీల్డు ఎత్తి చూస్తే ప్రాసెసర్ కనబడదు కూడా. పైన కనిపించే చిప్పు ర్యామ్. ప్రాసెసర్ దాని కిందే సోల్డర్ బాల్స్‌తో అతుక్కుని ఉంటుంది. ఫోను కింద పడి ఆ బాల్స్ విడితే, వేడి గాలితో ర్యామ్ పైకెత్తి రీబాలింగ్ చేస్తాం, అంటే కొత్త బాల్స్ వేసి మళ్లీ అతికిస్తాం. ఇంత దగ్గరగా చూసేవాళ్లకి ఇది కంప్యూటరా కాదా అన్న సందేహమే రాదు.

కొండాపూర్ బాబుగారు వాషింగ్ మెషీన్ అన్నారు. వాషింగ్ మెషీన్‌లో రేపు మీరు కొత్త ప్రోగ్రాము వేయలేరు, అది ఉతకడానికే పుట్టింది. ఈ అమ్మాయి నిన్నటి దాకా ఫోన్లో లేని ప్రోగ్రాముని ఇవాళ తన బుర్రతో రాసి దాని మీద నడిపిస్తోంది. ఎలాంటి పనైనా కొత్తగా నేర్పించగలిగితే అది కంప్యూటర్. ఆండ్రాయిడ్ స్టూడియో ఫోను మీద నడవదన్నది నిజమే. అయితే అది ఫోను చేతకానితనం కాదు, చేసినవాళ్లు అలా చేయకపోవడం. 2017లోనే శాంసంగ్ ఎస్8తో డెక్స్ అనే సౌకర్యం వచ్చింది. ఫోనుకి మానిటర్ తగిలిస్తే కిటికీలు, టాస్క్‌బారు, మౌసు అన్నీ వస్తాయి. 2025 మార్చిలో గూగుల్ పిక్సెల్ ఫోన్లకి లినక్స్ టెర్మినల్ ఇచ్చింది. అందులో నడిచేది కంప్యూటర్లలో వాడే డెబియన్ లినక్సే.

నా బాధ వేరేచోట ఉంది. పాత కంప్యూటర్ తెస్తే ఏ పన్నెండు పదమూడేళ్ల నాటిదైనా సరే, ఎస్‌ఎస్‌డీ వేసి, పెన్‌డ్రైవ్‌తో లినక్స్ ఎక్కించి పంపిస్తాను. పిల్లలు చదువుకుంటారు. అదే వయసు ఫోను తెస్తే, బోర్డు నిక్షేపంగా ఉన్నా నేను చేయగలిగింది తక్కువ. బ్యాంకు యాప్ "మీ ఫోను పాతదైపోయింది" అంటుంది. వేరే సిస్టం ఎక్కిద్దామంటే బూట్‌లోడర్ తాళం వేసి ఉంటుంది. కొన్ని కంపెనీలు ఆ తాళం తీయనివ్వవు, కొన్ని తీసే దారి పెట్టి తర్వాత మూసేశాయి. తాళం తీసినా ఇంకో చిక్కు. పీసీలో ఏ భాగం ఎక్కడుందో బోర్డులోనే ఉండే ఫర్మ్‌వేర్ ప్రోగ్రామే సిస్టంకి చెప్పేస్తుంది, అందుకే ఒకే లినక్స్ ఏ కంప్యూటర్‌లోనైనా లేస్తుంది. ఫోన్లలో అలా కాదు, ఏ మోడల్‌కి ఆ మోడల్ వివరాలు విడిగా రాయాలి. కెమెరాకి, మోడెమ్‌కి డ్రైవర్లు చిప్పు కంపెనీ ఇస్తేనే ఉంటాయి. ఇవ్వడం ఆపేస్తే అంతే.

"అది కంప్యూటర్ కాదులే, ఫోనేగా" అని మనమే అంటుంటే ఇవన్నీ ఎవరు అడుగుతారు? కొన్న లాప్‌టాప్‌లో మనకి నచ్చిన సాఫ్ట్‌వేర్ వేసుకోనివ్వకపోతే ఊరుకుంటామా? ఫోను దగ్గర మాత్రం నోరు మూసుకుంటున్నాం. అందుకే ఈ మాట నాకు చిన్నది కాదు.

కాకినాడ_ఈసీఈ_మాస్టారు:

రాజమండ్రి మిత్రుడికి ఒక్క ముక్క జోడిస్తాను. ఇప్పుడు దాదాపు అన్ని ఫోన్లలో ఉన్నది ఆర్మ్ ప్రాసెసర్. అది పుట్టింది ఫోను కోసం కాదు. కేంబ్రిడ్జ్‌లోని ఏకార్న్ అనే కంప్యూటర్ కంపెనీలో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ దాన్ని డిజైన్ చేశారు. మొదటి చిప్పు 1985లో పని చేసింది. 1987లో ఆర్కిమెడీస్ అనే డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో అమ్మారు. కరెంటు తక్కువ తినే గుణం వల్ల తర్వాత ఫోన్లలో పాతుకుపోయింది. 2020లో యాపిల్ తన మ్యాక్‌లని ఆర్మ్‌కి మార్చేటప్పుడు డెవలపర్లకి ముందుగా ఇచ్చిన మ్యాక్ మినీలో పెట్టింది ఐప్యాడ్ చిప్పు, ఎ12జెడ్. దాని మీద మ్యాక్ సిస్టం, ఎక్స్‌కోడ్ రెండూ నడిచాయి.

న్యాయవాది_నాంపల్లి:

చట్టం వైపు నుంచి చెప్తాను. ఈ ప్రశ్న మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకి 2005లోనే వచ్చింది. 2003 ప్రాంతంలో రిలయన్స్ ఇన్ఫోకామ్ సీడీఎంఏ ఫోన్లు వాయిదాల మీద ఇచ్చేది, గుర్తుండే ఉంటుంది. అవి ఆ నెట్‌వర్క్ మీదే పని చేసేలా కట్టేసి ఉండేవి. వాటిలోని సీరియల్ నంబరు ప్రోగ్రాముని మార్చి పోటీ కంపెనీకి తిప్పారన్నది కేసు. మొబైల్ ఫోను కంప్యూటరే కాదు కాబట్టి, కంప్యూటర్ సోర్స్ కోడ్‌ని మార్చడం నేరమనే ఐటీ చట్టం 65వ సెక్షన్ వర్తించదన్న వాదన వచ్చింది. 2000 నాటి ఆ చట్టం ప్రకారం తార్కిక, గణిత, జ్ఞాపక పనులు చేసే వేగవంతమైన ఎలక్ట్రానిక్ సాధనం ఏదైనా కంప్యూటరే. సెల్‌ఫోను ఆ నిర్వచనం కిందికి వస్తుందని హైకోర్టు తేల్చింది. అప్పటికి స్మార్ట్‌ఫోన్లు మన ఊళ్లలోకి రానే లేదు, అవి మామూలు బటన్ ఫోన్లు!

అలాగని ప్రభుత్వం అన్నిచోట్లా ఒకే మాట మీద లేదు. కస్టమ్స్ సుంకాల పట్టికలో కంప్యూటర్లు 8471 నంబరు కింద, ఫోన్లు 8517 నంబరు కింద ఉంటాయి. 2023 ఆగస్టులో లాప్‌టాప్, ట్యాబ్లెట్ల దిగుమతికి లైసెన్సు పెట్టినప్పుడు ఫోన్లు అందులో లేవు. 2011 జనాభా లెక్కల్లోనూ కంప్యూటర్‌కి ఒక గడి, ఫోనుకి ఇంకో గడి. కాబట్టి మీ కాలేజీ ఫారం రాసినవాళ్లది కొత్త ఆలోచనేం కాదు.

డెవలపర్_కొండాపూర్:

చిప్పు సంగతి ఒప్పుకుంటా. కానీ తాళాల విషయంలో రిపేరు అన్నతో నేను ఏకీభవించను. మా అమ్మ ఫోన్లోనే బ్యాంకు, ఆధార్, ఫోటోలు అన్నీ. "కరెంటు బిల్లు కట్టలేదు, ఈ యాప్ వేసుకోండి" అని మెసేజ్ వస్తే నొక్కే మనిషి. ఆ తాళాలు ఉన్నాయి కాబట్టే నేను ఇక్కడ ప్రశాంతంగా ఉంటున్నా. విండోస్ పీసీ అంత స్వేచ్ఛగా ఫోను ఉంటే ఊళ్లో పెద్దవాళ్ల ఖాతాలు ఖాళీ అయిపోతాయి.

సెల్_రిపేరు_రాజమండ్రి:

బాబూ, మీ అమ్మగారి గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. అలా పోగొట్టుకుని వచ్చినవాళ్లు మా షాపులో కూర్చుని ఏడవడం చూశాను. తాళం ఉండాలి, గట్టిదే ఉండాలి. ఎన్‌క్రిప్షన్ కూడా అంతే. ఇప్పటి ఫోన్లలో స్టోరేజి చిప్పు ఊడదీసి వేరే బోర్డు మీద పెడితే డేటా రాదు, తాళంచెవి ప్రాసెసర్‌తో ముడిపడి ఉంటుంది. దానివల్ల బోర్డు చచ్చిన ఫోన్లో పెళ్లి ఫోటోలు బయటికి తీయలేక నేను చేతులెత్తేసిన సందర్భాలున్నాయి. అయినా అది మంచిదే అంటాను, ఎందుకంటే దొంగ కూడా తీయలేడు.

నేను అడిగేది తాళంచెవి గురించి. ఇంటికి తాళం కట్టినవాడే వేసి, చెవి తనే జేబులో వేసుకుపోతే ఆ ఇల్లు ఎవరిది? ఫోను గురించి తెలిసి, కావాలని, డేటా మొత్తం చెరిగిపోతుందన్న హెచ్చరిక చదివి, యజమాని తెరుస్తానంటే తెరవనివ్వాలి. పిక్సెల్ ఫోన్లలో అలాగే ఉంది, దాంతో అమ్మగార్లకేం నష్టం రాలేదు. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన రోజైనా చెవి చేతికివ్వాలి. అప్పటికి దాన్ని కాపాడేవాడు ఎలాగూ లేడు కదా.

టెర్మక్స్ వాడే అమ్మాయికి ఇంకో సంగతి. ఆండ్రాయిడ్ 12 నుంచి వెనకాల నడిచే చిన్న చిన్న ప్రాసెస్‌లు 32 దాటితే సిస్టమే చంపేస్తుంది. పెద్ద కంపైల్ పెట్టి వేరే యాప్‌లోకి వెళ్తే టెర్మక్స్ ఉన్నట్టుండి మూసుకుపోవడానికి అదీ ఒక కారణం. మీ ప్రోగ్రాములో తప్పని బెంగ పెట్టుకోకండి. కొత్త వెర్షన్లలో డెవలపర్ ఆప్షన్స్‌లో దాన్ని ఆపే మీట ఉంటుంది.

బీకాం_సీఏ_నర్సీపట్నం:

అందరికీ చాలా థాంక్స్ అండి. ఆ మూసుకుపోయే గొడవ నాకు చాలాసార్లు వచ్చింది, నా కోడ్ వల్లే అనుకుంటున్నా! హైకోర్టు సంగతి మా మేడంకి చెప్పాను, ఆవిడకి కూడా కొత్తే. మరి ఫారంలో చివరికి ఏం పెట్టమంటారు? ఇంకొకటి, మా ఇంట్లో హెచ్‌డీఎంఐ ఉన్న టీవీ ఉంది. ఫోను దానికి తగిలించి కీబోర్డు పెట్టుకోవచ్చా? ఆన్‌లైన్‌లో టైప్-సి నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్ చూశాను, కొనెయ్యనా?

సెల్_రిపేరు_రాజమండ్రి:

కేబుల్ ఇప్పుడే కొనకమ్మా. టైప్-సి కన్నం ఉన్నంత మాత్రాన బొమ్మ బయటికి రాదు. ఫోనులో డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్, అంటే ఆ కన్నం నుంచి బొమ్మ పంపే సౌకర్యం, ఉండాలి. బడ్జెట్ ఫోన్లలో దాదాపు అన్నిటికీ యూఎస్‌బీ 2.0 లైన్లే ఉంటాయి, వాటికి ఆ కేబుల్ దండగ. నీ మోడల్ నంబరు ఇక్కడ పెట్టు, చూసి చెప్తాను. నీ టీవీలో కేబుల్ లేకుండా ఫోను తెరని చూపించే స్క్రీన్ కాస్ట్ గానీ మిరాకాస్ట్ గానీ ఉందేమో ముందు చూడు. కొంచెం ఆలస్యంగా కదులుతుంది కానీ ప్రోగ్రాము రాసుకోవడానికి చాలు. కీబోర్డుకి మాత్రం, యూఎస్‌బీ సామాన్లు ఫోనుకి తగిలించే ఓటీజీ ముక్క ఒకటి తీసుకో. మా షాపులో వచ్చిన ఫోన్లకి టచ్ పోతే డేటా తీయడానికి ఓటీజీలో మౌసు పెట్టే పని చేస్తాం, అలాగే మామూలు యూఎస్‌బీ కీబోర్డు కూడా పని చేస్తుంది. సెమికోలన్ కష్టం ఆ రోజుతో తీరిపోతుంది.

ఫారంలో "లేదు" గడిలో టిక్కు పెట్టు, ఆ గంట నీకు రావాలి. పెద్ద తెర, పది వేళ్లూ ఆడే కీబోర్డు నీకు ఇంట్లో లేవు, వాళ్లు అడుగుతున్నదీ అదే. పక్కన ఖాళీ ఉంటే "ఫోన్లో సి, పైథాన్ చేస్తున్నాను" అని రాయి. మీ క్లాసులో ఇంకెంతమంది అలా చేస్తున్నారో మీ మేడంకి తెలిస్తే, ల్యాబ్‌లో నాలుగు ఓటీజీ కీబోర్డులు పెట్టమని అడగొచ్చు. అవి ఒక కొత్త పీసీ ఖర్చులో పదో వంతు కూడా కావు.