టీపీఏ పంపిన కొత్త ఎంవోయూలో ఆడిట్ క్లాజు: సంతకం పెట్టాలా?

నర్సింగ్‌హోమ్_అడ్మిన్

అందరికీ నమస్కారం. మా అన్నయ్య సర్జన్, వదిన గైనకాలజిస్టు. తణుకు దగ్గర వాళ్ళ 30 పడకల నర్సింగ్ హోమ్‌లో బిల్లింగ్, ఇన్సూరెన్స్ పనులు నేను చూస్తాను. ఒక ఇన్సూరెన్స్ కంపెనీ, దాని టీపీఏ (కంపెనీ తరఫున క్లెయిములు చూసే మధ్యవర్తి సంస్థ), మేము ముగ్గురం కలిసి చేసుకున్న ఎంవోయూ (ఒప్పందం) ఈ నెలాఖరుకి అయిపోతోంది. రెన్యువల్‌కి పంపిన కాగితాల్లో టారిఫ్ (ఏ చికిత్సకి ఎంత ఇస్తారన్న రేట్లు) పాతదే, ఒక్క రూపాయి పెంచలేదు, ఆ సంగతి వేరే. నా టెన్షన్ అంతా ఆడిట్ క్లాజు గురించే. పాత ఎంవోయూలో రెండు లైన్లు ఉండేది, ఇప్పుడు పేజీన్నర అయింది.

అందులో ఏముందంటే, ముందు చెప్పకుండా ఎప్పుడైనా రావచ్చు, హాస్పిటల్లో ఉన్న ‘అన్ని రికార్డులు’ చూడొచ్చు, కాపీలు తీసుకోవచ్చు. ఐదేళ్ళ వెనక్కి వెళ్ళొచ్చు. కొన్ని క్లెయిములు శాంపిల్‌గా తీసి వాటిలో ఎంత శాతం తప్పు అని తేలితే అంత శాతం ఏడాది మొత్తం బిల్లుల మీద కోసుకోవచ్చు. వాళ్ళ రిపోర్టుకి ఏడు రోజుల్లో జవాబు ఇవ్వకపోతే ఒప్పుకున్నట్టే. ఆ డబ్బు మాకు రావాల్సిన ఏ బిల్లులోంచైనా పట్టుకోవచ్చు.

మేం ఆడిట్‌కి భయపడటం లేదు. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కేసులు చేస్తున్నాం, ఆ పథకం తరఫున ఉండే మిత్ర రోజూ మా దగ్గరే కూర్చుంటుంది, కాగితం లేకుండా అక్కడ ఏదీ కదలదు. కానీ కిందటేడు ఒకటి జరిగింది. రాత్రి ఏడింటికి ఒక ఫీల్డ్ ఆఫీసర్ వచ్చాడు, డెంగీ సీజన్, నేను బ్యాంకు పని మీద బయట ఉన్నాను. డ్యూటీలో ఉన్న సిస్టర్ భయపడి వార్డులో ఉన్న కేస్ షీట్లన్నీ ఇచ్చేసింది. వాటిలో ఆ కంపెనీకి సంబంధం లేని పేషెంట్లవి కూడా ఉన్నాయి. ఒక ఫైల్లో హెచ్ఐవీ రిపోర్టు ఉంది. అన్నీ ఫోన్‌లో ఫోటోలు తీసుకుని వెళ్ళాడు. రెండు నెలల తర్వాత 11 క్లెయిములకి సంబంధించి అని 3,86,000 రూపాయలు వేరే నెల బిల్లుల్లోంచి కోశారు. బ్యాంకులో పడ్డ మొత్తం తక్కువగా ఉంటే అప్పుడు తెలిసింది మాకు. ఉత్తరం లేదు, ఫోన్ లేదు.

అన్నయ్య ‘పెట్టెయ్ రా, లేకపోతే క్యాష్‌లెస్ (బిల్లు నేరుగా కంపెనీయే కట్టే పద్ధతి) తీసేస్తారు, పేషెంట్లు పక్క ఊరికి పోతారు’ అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. ఇలాంటివి మార్పించుకున్న వాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఏది అడగొచ్చు, ఏది అడిగినా దండగ?

క్లెయిమ్స్_పాత_ఉద్యోగి

హైదరాబాద్‌లో ఒక టీపీఏలో తొమ్మిదేళ్ళు చేశాను, ఇప్పుడు మానేశాను. రెండు వైపులా చూసినవాణ్ణి కాబట్టి సూటిగా చెప్తాను, ఏమీ అనుకోకండి.

ముందు ఒక విషయం. ‘మా హాస్పిటల్లోకి రావద్దు’ అనే హక్కు మీకు లేదు, ఎందుకంటే మీరు ప్రతి క్యాష్‌లెస్ కేసుకీ నింపే ప్రీ-ఆథ్ ఫారంలోనే (ముందస్తు అనుమతి అడిగే ఫారం) ఉంది అది. ఫారం చివర హాస్పిటల్ డిక్లరేషన్ చదవండి. ఆ అడ్మిషన్‌కి సంబంధించిన డాక్యుమెంట్లను టీపీఏ లేదా కంపెనీ అధీకృత అధికారి చూడటానికి మాకు అభ్యంతరం లేదు అని మొదటి లైనే. దాని కింద, ఫారంలో రాసినదానికీ డిశ్చార్జ్ సమ్మరీకీ తేడా ఉంటే కంపెనీ డబ్బు ఇవ్వక్కర్లేదని కూడా ఉంటుంది. చాలా హాస్పిటళ్ళలో కౌంటర్ దగ్గర ఉన్న అబ్బాయి ముద్ర వేసి పంపేస్తాడు, ఎవరూ చదవరు.

అయితే మీకు పనికొచ్చేది కూడా ఆ లైన్లోనే ఉంది. ‘ఆ అడ్మిషన్‌కి సంబంధించిన’ అని రాశారు. హాస్పిటల్లో ఉన్న అన్ని రికార్డులు అని రాయలేదు. కొత్త ఎంవోయూలో కూడా అదే మాట పెట్టమని అడగండి, మీ ఫారంలో ఉన్న భాషే మాకు చాలు అనండి. కాదనడానికి వాళ్ళకి కారణం దొరకదు.

ఆడిట్లు ఎందుకు వచ్చాయో కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. నేను చూసిన ఫైళ్ళలో మూడు రోజుల నర్సింగ్ చార్ట్ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, ఒకేసారి కూర్చుని రాసేసినవి చాలా ఉన్నాయి. పది మంది జ్వరం పేషెంట్లకి పొద్దున ఆరింటికి సరిగ్గా 101 డిగ్రీలే ఉంటుందా? ఓపీలో మందులిచ్చి పంపాల్సిన మనిషిని పాలసీ ఉందని మూడు రోజులు పడుకోబెట్టడం, ఇంప్లాంట్ స్టిక్కర్ లేకుండా ఇంప్లాంట్ బిల్లు, జనరల్ వార్డులో ఉంచి షేరింగ్ రూమ్ ఛార్జీ. ఈ డబ్బంతా చివరికి జనం కట్టే ప్రీమియంలోంచే వస్తుంది. అందుకని ఆడిట్ ఉండాలి, ఈ విషయంలో నేను కంపెనీ వైపే. మీరు చెప్పిన ఫీల్డ్ ఆఫీసర్ చేసింది మాత్రం ఆడిట్ కాదు, మేం అలా చేస్తే మా మేనేజర్ ఊరుకునేవాడు కాదు.

ఇప్పటికిప్పుడు చేయాల్సింది, ఎంవోయూ మారినా మారకపోయినా: రిసెప్షన్‌లో ఒక రిజిస్టర్ పెట్టండి. వచ్చినవాడి ఐడీ, ఆథరైజేషన్ లెటర్, ఏ క్లెయిమ్ నంబర్లో అడిగి రాయండి. ఫైలు వార్డులో ఇవ్వకండి, ఒక గదిలో కూర్చోబెట్టి మీ మనిషి పక్కనుండగా చూపించండి. ఫోన్ ఫోటోలు వద్దు, కావలసిన పేజీలు మీరే జిరాక్స్ తీసి, ముద్ర వేసి, లిస్టు మీద అతని సంతకం తీసుకుని ఇవ్వండి. ఒరిజినల్ గడప దాటకూడదు. పేషెంట్ ఇంకా బెడ్ మీద ఉండగా వస్తే చూడనివ్వండి, అది వాళ్ళకి నిజంగా అవసరం, మనిషి ఉన్నాడో లేడో తెలుసుకోవాలి కదా. నోటీసు లేకుండా రావడం ఆ ఒక్కదానికే ఒప్పుకోండి. పాత క్లెయిముల ఆడిట్‌కి మాత్రం కనీసం వారం ముందు క్లెయిమ్ నంబర్లతో మెయిల్ రావాలని రాయించుకోండి.

కోర్టు_హాల్_నాలుగు

లాయర్ని. మీ కాగితం చూడకుండా పూర్తి సలహా ఇవ్వలేను, కానీ మీరు రాసినదాన్ని బట్టి నాకు ఎక్కువ కష్టంగా అనిపించేది వాళ్ళు లోపలికి రావడం కాదు. డబ్బు కోసే పద్ధతి. అందరూ ఎంట్రీ దగ్గర పోట్లాడి రికవరీ పేరా చదవకుండా సంతకం పెడతారు.

లెక్క వేసి చూడండి. ఏడాదికి 400 క్లెయిములు, సగటున 30,000 అనుకుంటే 1 కోటి 20 లక్షలు. 40 ఫైళ్ళు తీసి అందులో 6 తప్పు అన్నారు, అంటే 15 శాతం. మొత్తం మీద 15 శాతం అంటే 18 లక్షలు. ఆ ఆరు ఫైళ్ళలో నిజంగా తేడా ఉన్నది మహా అయితే లక్షా ఎనభై వేలు. మిగతా పదహారు లక్షల పైచిలుకు దేనికి? ఎవరూ చూడని ఫైళ్ళకి. కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో ఎంత పెద్ద అంకె రాసుకున్నా కోర్టు న్యాయమైన పరిహారమే ఇప్పిస్తుంది, కానీ డబ్బు వాళ్ళ చేతిలో ఉండి మీరు కోర్టుకి వెళ్ళడం వేరు, మీ చేతిలో ఉండి వాళ్ళు వెళ్ళడం వేరు. కాబట్టి ‘చూసిన క్లెయిములకే రికవరీ, ఒక్కో క్లెయిముకి కారణం రాతపూర్వకంగా, జవాబుకి 30 రోజులు, జవాబు తేలేదాకా కోత లేదు’ అని రాయించుకోండి. ఏడు రోజుల్లో ఒప్పుకున్నట్టే అన్న వాక్యం ఎట్టి పరిస్థితుల్లోనూ ఉండకూడదు.

ఐదేళ్ళ గురించి: 2002 మెడికల్ కౌన్సిల్ నైతిక నియమావళి ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్ళు ఉంచమంటోంది. నాలుగో ఏడు ఫైలు మీ దగ్గర లేకపోతే ‘రికార్డు చూపలేదు’ అని మొత్తం క్లెయిమే తప్పు కింద రాస్తారు. మూడేళ్ళకి మించి ఒప్పుకోకండి, ఏడాదో రెండేళ్ళో అడిగి చూడండి, మోసం కేసులకి మినహాయింపు ఇవ్వండి.

ఇక ఆ హెచ్ఐవీ రిపోర్టు. ఇది చిన్న విషయం కాదండీ. 2017 హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 8వ సెక్షన్ ప్రకారం రాతపూర్వక సమ్మతి లేకుండా ఒకరి స్థితి బయటపెట్టకూడదు. ఆ పేషెంట్ ఆ కంపెనీ పాలసీదారు కూడా కాదన్నారు, ప్రీ-ఆథ్ ఫారంలో పేషెంట్ ఇచ్చే సమ్మతి ఆ కంపెనీకే, ఆ అడ్మిషన్‌కే. రేపు ఆ మనిషి అడిగితే జవాబు చెప్పాల్సింది ముందు మీ అన్నయ్య, ఫీల్డ్ ఆఫీసర్ తర్వాత. ఆ ఫోటోలు తొలగించామని రాతపూర్వకంగా ఇవ్వమని ఇవాళే మెయిల్ పెట్టండి.

ఇంకో రెండు సంగతులు. ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు విని తేల్చే అధికారి) పాలసీదారుల కోసం, హాస్పిటల్ బిల్లు తగాదా అక్కడ వినరు, టైం వృథా. మీరు కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ లేదా చిన్న సంస్థగా నమోదు చేసుకున్నారా? లేకపోతే వెంటనే చేయండి. 2006 ఎంఎస్ఎంఈ చట్టం కింద ఒప్పందంలో ఏం రాసుకున్నా చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు, దాటితే బ్యాంక్ రేటుకి మూడింతల చక్రవడ్డీ, బకాయిల తగాదాలు వినే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్ళొచ్చు. ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) ముంబైలో, ఆర్బిట్రేటర్‌ని కంపెనీయే వేస్తుంది అని ఉంటే అదీ మార్పించండి. తగాదాలో ఉన్న పక్షం ఒక్కటే ఏకైక ఆర్బిట్రేటర్‌ని నియమించడం చెల్లదని 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

డల్లాస్_ఎండీ

నేను టెక్సస్‌లో ప్రాక్టీస్ చేస్తాను, మాది భీమవరం, తణుకు పేరు చూసి ఆగాను. ఆ శాతం లెక్క మీ దగ్గరికి కూడా వచ్చిందంటే బాధగా ఉంది. ఇక్కడ మెడికేర్‌లో (ముఖ్యంగా వృద్ధులకి ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా) అది ఎప్పటి నుంచో ఉంది, కానీ 2003 చట్టంలో దానికి ఒక హద్దు పెట్టారు. తప్పులు ఎక్కువగానో, విడవకుండానో జరుగుతున్నాయని తేలాలి, లేదా చెప్పి చూసినా డాక్టరు మారలేదని రికార్డు ఉండాలి. అప్పుడే శాంపిల్‌ని మొత్తానికి వర్తింపజేయొచ్చు. వాళ్ళు ఆ క్లాజు తీసేయడానికి ఒప్పుకోకపోతే కనీసం ఈ మెట్టు అడగండి, మొదటి ఆడిట్‌కి హెచ్చరిక, మళ్ళీ అదే తప్పు దొరికితేనే లెక్క అని.

గడువు విషయంలో, టెక్సస్ చట్టం కింద వచ్చే ప్లాన్లలో ఎక్కువ చెల్లించామని కంపెనీ అనుకుంటే డాక్టరుకి డబ్బు అందిన 180 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి, మోసం అయితే వేరు. అంతమాత్రాన కంపెనీలేమీ మూతపడలేదు.

మీరు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఆడిట్ చేసే ఏజెన్సీకి ఫీజు ఎలా ఇస్తున్నారు? మెడికేర్ రికవరీ ఆడిటర్లకి ఇచ్చేది వసూలైన దాంట్లో వాటా. అప్పీల్లో డాక్టరు గెలిస్తే ఆ ఫీజు వెనక్కి ఇచ్చేయాలి. వెనక్కిచ్చే నియమం కూడా లేకుండా వాటా మాత్రమే ఉంటే, తప్పు దొరకని ఫైలు అతనికి దండగ అవుతుంది. మీ ఎంవోయూలో ‘ఆడిటర్ ఫీజు రికవరీతో ముడిపడి ఉండదు’ అని ఒక్క లైను పెట్టించండి.

రాజమండ్రి_సుజాత

నేను హాస్పిటలూ కాదు, కంపెనీ కూడా కాదు, పేషెంట్ కూతుర్ని. అమ్మకి గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయింది, క్యాష్‌లెస్, అంతా బాగానే అయింది. నాలుగు నెలల తర్వాత హాస్పిటల్ నుంచి ఫోన్, ‘ఆడిట్‌లో మీ బిల్లు 22,000 కోశారమ్మా, మీరు కట్టాలి’ అని. కడతావా కట్టవా అన్నట్టు రోజూ ఫోన్లు. అమ్మ భయపడి బంగారం తాకట్టు పెడదాం అంది. మీ ఎంవోయూలో అది కూడా రాయించండి అన్నయ్యా, ఆడిట్‌లో పోయిన డబ్బు పేషెంట్ దగ్గర వసూలు చేయకూడదని. మీ ఇద్దరి గొడవలోకి మమ్మల్ని లాగకండి.

క్లెయిమ్స్_పాత_ఉద్యోగి

సుజాత గారూ, మీరు కట్టకండి. చాలా ఎంవోయూల్లో ఆ షరతు ఇప్పటికే ఉంటుంది, మా టీపీఏ ఎంవోయూల్లో ఉండేది. డిశ్చార్జ్ అప్పుడు కంపెనీ లేదా టీపీఏ ఇచ్చే ఫైనల్ ఆథరైజేషన్ లెటర్‌లో పేషెంట్ కట్టాల్సింది ఎంతో విడిగా రాసి ఉంటుంది, డిశ్చార్జ్ రోజు మీరు అది కట్టేసి ఉంటే రసీదు, ఆ లెటర్ జత చేసి ఇన్సూరెన్స్ కంపెనీ గ్రీవెన్స్ సెల్‌కి మెయిల్ చేయండి. మీరు పాలసీదారు కాబట్టి మీకు అంబుడ్స్‌మన్ దారి కూడా ఉంది.

నర్సింగ్‌హోమ్_అడ్మిన్

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి అన్నయ్యకీ వదినకీ ఇదంతా చదివి వినిపించాను. పద్దెనిమిది లక్షల లెక్క విని అన్నయ్య కాసేపు మాట్లాడలేదు. వదినకైతే ఆ హెచ్ఐవీ పేషెంట్ గుర్తుకొచ్చింది, ఆమె ప్రసవం చేసింది వదినే. ‘ముందు ఆ మెయిల్ పెట్టు, ఎంవోయూ సంగతి తర్వాత’ అంది. పొద్దున్నే పెట్టేశాను.

సుజాత గారు చెప్పినది మా దగ్గర కూడా ఒకసారి జరిగింది, రెండేళ్ళ కిందట, బిల్లింగ్‌లో పనిచేసిన అబ్బాయి ఒక పేషెంట్‌కి ఫోన్ చేసి 4,000 తీసుకున్నాడు. అది తప్పు. ఆయన నంబర్ వెతికి డబ్బు వెనక్కి ఇచ్చేస్తాను, క్లాజు కూడా మేమే రాసి పంపుతాం.

ఇవాళ టీపీఏకి పంపుతున్న మార్పులు ఇవి: రికార్డులు అంటే ఆ అడ్మిషన్‌వి మాత్రమే, పాత క్లెయిములకి వారం నోటీసు, రెండేళ్ళకి మించి వెనక్కి వెళ్ళకూడదు, చూసిన క్లెయిములకే రికవరీ, జవాబుకి 30 రోజులు, ఆడిటర్ ఫీజు లైను. శాతం లెక్క తీయకపోతే మొదటిసారి హెచ్చరిక అన్నది అడుగుతాను. ఉద్యమ్ నమోదు లేదని తేలింది, మా లెక్కలు చూసే ఆడిటర్ గారు రేపు చేస్తానన్నారు. సిస్టర్లని కూర్చోబెట్టి రిజిస్టర్ ఎలా రాయాలో చెప్పాను. నర్సింగ్ చార్ట్ గురించి కూడా చెప్పాను, ఎందుకంటే నిన్న మా ఫైళ్ళు నాలుగు తీసి చూస్తే ఒకదాంట్లో రెండు షిఫ్టులు ఒకే చేతిరాతలో ఉన్నాయి.

టీపీఏ వాళ్ళు ఏమన్నారో వచ్చి ఇక్కడే రాస్తాను. ఈలోగా ఇదే రెన్యువల్ కాగితం అందుకున్న గోదావరి జిల్లాల నర్సింగ్ హోమ్‌లు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి. అందరం ఒకే మార్పులు అడిగితే ఒక్కరి క్యాష్‌లెస్ తీసేయడం వాళ్ళకి అంత తేలిక కాదు.