ఎలుక తలుపు తీసింది జాలితోనా, తోడు కోసమా?

నాలుగు రోజులుగా ఒక్కచోటే ఆగిపోయాను. షికాగో విశ్వవిద్యాలయం 2011 ప్రయోగంలో, ఇరుకు గొట్టంలో చిక్కుకున్న తోటి ఎలుకను బయటున్నది తలుపు తోసి విడిపించింది. పక్క గొట్టంలో చాక్లెట్ ముక్కలున్నా తోటిదాన్ని వదల్లేదు, పైగా ఆ ముక్కలను చాలాసార్లు పంచుకుంది కూడా! దీన్ని సహానుభూతి అన్నారు. తోడు కోసం తీసినా పైకి ఇలాగే కనిపిస్తుంది కదా?

విడిపించిన ఎలుకను, రెండూ కలుసుకోలేని వేరే వైపు వదిలిన భాగమూ చదివాను. అప్పుడూ తలుపు తీసింది. 2014లో మరో బృందం మాత్రం తోడు కోరికే కారణం కావచ్చంది. ఇక మెదడు వైపు వెళ్లాను: ఎలుకల మెదడులో నొప్పి, భావోద్వేగాలతో ముడిపడిన భాగమైన ఆంటీరియర్ సింగ్యులేట్‌లో తన నొప్పికీ ఎదుటిదాని నొప్పికీ స్పందించే న్యూరాన్లున్నాయని 2019లో చూపారు. అక్కడ చురుకుదనం తగ్గిస్తే, ఎదుటిది బాధపడుతున్నప్పుడు చూస్తున్నది భయంతో కదలకుండా బిగుసుకుపోవడమూ తగ్గింది. కానీ బిగుసుకుపోవడం వేరు, సాయం చేయడం వేరు.

తోడు దొరికే వీలు లేకుండా చేసి, ఆ భాగాన్ని మొద్దుబారిస్తే తలుపు తీయడం తగ్గుతుందా అని పరీక్షించిన ప్రయోగం ఏదైనా మీకు తెలుసా?