తల దొరకని డైనోసార్‌కు సినిమాలో తల పెట్టాలా, వద్దా?

సిరొంచ పిల్లగాడు

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా సిరొంచ. ఇక్కడి బడి పిల్లలకు చూపించడానికి స్టాప్ మోషన్‌లో (బొమ్మను కొంచెం కొంచెం కదిలిస్తూ ఒక్కో ఫోటో తీసి సినిమాగా కలిపే పద్ధతి) మూడు నిమిషాల షార్ట్ ఫిల్మ్ మొదలుపెట్టాం. అందులో హీరో బారాపాసారస్ అనే డైనోసార్. ఎక్కడో అమెరికాలోది కాదు, మన పోచంపల్లి దగ్గర దొరికిందే (పట్టుచీరల పోచంపల్లి కాదు, ప్రాణహిత వైపుది). కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు తవ్వితే సుమారు 300 ఎముకలు బయటపడ్డాయి. కనీసం ఆరు జంతువులవి. 1975లో దానికి పేరు పెట్టారు. పొడవు దాదాపు 14 మీటర్లు, తొడ ఎముక ఒక్కటే 1.7 మీటర్లు. మన ఊళ్లో మనిషంత ఎత్తు!

మేము ఇరవయ్యో వంతు సైజులో చేస్తున్నాం. అంటే బొమ్మ 70 సెంటీమీటర్లు, తొడ ఎనిమిదిన్నర. కాళ్లు, నడుము, తోక అన్నీ ఎముకల కొలతల ప్రకారమే. చిక్కంతా తల దగ్గరే వచ్చింది. పుర్రె దొరకలేదు, కొన్ని పళ్లు మాత్రం దొరికాయి. మా టీమ్‌లో సగం మంది "తలను ఫ్రేమ్‌లోకి రానివ్వొద్దు, తెలియనిది చూపిస్తే అబద్ధం చెప్పినట్టే" అంటున్నారు. నేను మాత్రం తల పెట్టాల్సిందే అంటున్నా. మీరేమంటారు?

బల్లార్షా రైల్వే కాలనీ

తమ్ముడూ, మీ టీమ్‌లో ఆ సగం మంది చెప్పిందే కరెక్ట్. పిల్లలు చిన్నప్పుడు చూసింది అంత తొందరగా మర్చిపోరు. తమ నేల మీద తిరిగిన జంతువును వాళ్లు మొదటిసారి చూసేది మీ సినిమాలోనే. రేపు పుర్రె దొరికి, అది వేరేలా ఉంటే ఏం చేస్తారు? ఆ ఎముకలతో పాటు పెద్ద పెద్ద చెట్ల మొద్దులు కూడా రాయిగా మారి దొరికాయి కదా. కాబట్టి అడవి సెట్ వేయండి, తల కొమ్మల్లో మేస్తున్నట్టు పెట్టండి. ఆకులు కదిలితే చాలు, తల ఉందని అందరికీ అర్థమవుతుంది.

మట్టిబొమ్మలు_చంద్రపూర్

అన్నా, మూడు నిమిషాలు కొమ్మల్లోనే తల దాచితే ఆ జంతువు మీద ప్రేమ ఎట్లా పుడుతుంది? బొమ్మకు ప్రాణం వచ్చేది కంటి దగ్గరే. సెకనుకు 12 ఫోటోల లెక్కన తీస్తే రెప్ప వేయడానికి మూడు నాలుగు ఫోటోలు చాలు. చిన్న మట్టి రెప్ప అతికించి, తీసి, మళ్లీ అతికిస్తాం. అంతే, జంతువు మనల్ని చూసినట్టు అనిపిస్తుంది. నడక ఎంత బాగా వచ్చినా ఆ పని చేయలేదు.

1933 నాటి కింగ్‌కాంగ్‌లో డైనోసార్లకు మార్సెల్ డెల్గాడో లోహపు అస్థిపంజరం మీద కండరాలు పేర్చి, పైన రబ్బరు చర్మం వేశాడు. చార్లెస్ నైట్ అనే చిత్రకారుడి బొమ్మల ప్రభావం ఆ రూపాల మీద బాగా ఉంది. అవి కూడా ఆ రోజులకు తెలిసినంత మేరకు చేసిన ఊహలే. అట్లని వాళ్లు ఆగలేదు కదా.

బల్లార్షా రైల్వే కాలనీ

అక్కా, నా భయం కూడా అదే. ఆ కాలం బొమ్మల్లో డైనోసార్లు తోక నేల మీద ఈడ్చుకుంటూ తిరిగేవి. తోక గాల్లో నిలిపేవని తర్వాత తేలింది. అయినా ఆ ఈడ్చే తోక జనం మనసులోంచి పోవడానికి ఎన్ని దశాబ్దాలు పట్టిందో చూడండి.

కొత్త మెంబర్

రాజాసారస్ పెట్టొచ్చు కదా? దానికి పుర్రె ముక్కలు దొరికాయి. పైగా మాంసం తినేది, సినిమాకు పనికొస్తుంది.

సిరొంచ పిల్లగాడు

అది గుజరాత్ నర్మద వైపుది. దానికీ దీనికీ మధ్య 10 కోట్ల ఏళ్లకు పైనే తేడా. మన పిల్లలకు మన జంతువే కావాలి.

చెన్నూరు_సైన్స్ సార్

నది ఇవతల నుంచి ఒక మాట. ఇటువైపు యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్‌ది కూడా ఇదే సమస్య. 1988లో పేరు పెట్టారు, సుమారు 9 మీటర్ల జంతువు. దానికీ పుర్రె దొరకలేదు. అయినా హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన అస్థిపంజరానికి తల చేసి పెట్టారు. మా బడి పిల్లలను తీసుకెళ్లినప్పుడు "తల మాత్రం చేసి పెట్టింది" అని ముందే చెప్తాను. వాళ్లకు ఆసక్తి తగ్గదు, ఇంకా పెరుగుతుంది. "సార్, అసలు తల ఎటు పోయింది?" అని బస్సులో దారంతా అడుగుతూనే ఉంటారు.

ఇంకోటి, తల మొత్తం ఊహ అనడం సరి కాదు. మీ బారాపాసారస్ పళ్లు చెంచా ఆకారంలో ఉన్నాయి, అంచుల్లో మొరటు రంపపు పళ్లు ఉన్నాయి. ఆకులు తెంపే నోరని తెలుస్తోంది. ఇదే రకానికి చెందిన చైనా జంతువు షునోసారస్‌కు పుర్రె దొరికింది. ఈ రెండూ పక్కన పెట్టుకుని చేస్తే గుడ్డిగా చేసినట్టు కాదు.

సిరొంచ పిల్లగాడు

సార్, చాలా థ్యాంక్స్. పళ్ల గురించి చదివాక నాకు ఒక ఆలోచన వచ్చింది. తల ముందే తయారుగా ఉండదు. మొదటి సీన్‌లో మెడ చివర ఒట్టి తీగ ఉంటుంది. దాని ముందు గాల్లో పళ్లు వచ్చి నిలుస్తాయి (సన్న దారాలకు వేలాడదీస్తాం). తర్వాత ఫ్రేమ్ ఫ్రేమ్‌కు వాటి చుట్టూ దవడ, ముక్కు, చివరికి కన్ను పెరుగుతాయి. దొరికింది ఏది, మనం చేసింది ఏది అన్నది పిల్లల కళ్ల ముందే తేలిపోతుంది. ఆ తర్వాతే జంతువు నడుస్తుంది.

లోపల థర్మాకోల్ పెట్టి తల తేలిగ్గా చేస్తాం. ఇంత పొడవు మెడకు బరువు తల పెడితే, ఒక ఫోటోకూ ఇంకో ఫోటోకూ మధ్య మెడ కొంచెం కొంచెం వాలిపోయి షాట్ పాడవుతుంది. పైచర్మం ప్లాస్టిసిన్‌తో (బొమ్మలు చేసే మెత్తటి మట్టి) వద్దనుకున్నాం. మే నెలలో ఇక్కడ ఎండ 45 దాటుతుంది, లైట్ల కింద అది మెత్తబడిపోతుంది. అందుకే లేటెక్సే (రబ్బరు). తల పెరిగే సీన్ ఒక్కదానికే మట్టి, అది తెల్లవారుజామున తీస్తాం.

బల్లార్షా రైల్వే కాలనీ

ఈ పద్ధతి బాగుంది తమ్ముడూ, కాదనను. కానీ నడక మొదలయ్యాక పిల్లలకు ఆ మొదటి సీన్ గుర్తుండదు. కాబట్టి పళ్లు తప్ప మిగతా తల ఒంటి రంగులో వద్దు. లేత రంగు వేయండి, సినిమా అంతా ఆ తేడా కనిపిస్తూనే ఉండాలి.

మట్టిబొమ్మలు_చంద్రపూర్

అన్నా, అట్లయితే ముఖానికి మాస్కు తొడిగినట్టు ఉంటుంది. ఒప్పుకోను.

సిరొంచ పిల్లగాడు

అన్న చెప్పింది ట్రై చేస్తా. రెండు తలలు చేసి, రెండింటితోనూ పది సెకన్ల టెస్ట్ తీసి మా వీధి పిల్లలకు చూపించి, ఏది నమ్మారో, ఏది దొరికిన ముక్క అనుకున్నారో అడిగి ఇక్కడ రాస్తా. ఈలోపు ఒక హెల్ప్ కావాలి. మెడకు మూడు పోగుల అల్యూమినియం తీగ పురిపెట్టి వేశాం, భుజం దగ్గర వంచీ వంచీ తెగిపోతోంది. అక్కా, అక్కడ మీరేం వాడతారు?

మట్టిబొమ్మలు_చంద్రపూర్

పురి వదులుగా పెట్టు. గట్టిగా తిప్పితే తీగ ముందే అలసిపోతుంది. భుజం దగ్గర ఇత్తడి గొట్టం ముక్క ఎం-సీల్‌తో బిగించి, అందులోకి మెడ తీగ దూర్చు. తెగితే మెడ ఒక్కటే మార్చుకోవచ్చు, ఒళ్లు కోయక్కర్లేదు. షూటింగ్‌కు ముందే రెండు మూడు మెడలు చేసి పెట్టుకో.