డార్మిటరీలో కెమెరా పెడితే దెబ్బలు ఆగుతాయా?

లాపాయింట్
కేసుల్లో పట్టుబడ్డ 18 ఏళ్లలోపు పిల్లల్ని ఉంచే అబ్జర్వేషన్ హోమ్‌ల గురించి ఈ చర్చ. పెద్దవాళ్లు చిన్నవాళ్లని కొట్టడం, సిబ్బంది చేయి చేసుకోవడం బయటికొచ్చిన ప్రతిసారీ కథ ‘సాక్ష్యం లేదు’ దగ్గర ఆగిపోతుంది. గేటు దగ్గర, వరండాలో ఉన్న కెమెరాలు చాలవు, డార్మిటరీ లోపల కూడా పెట్టాలంటాను. పోలీస్ స్టేషన్లలో లాకప్‌తో సహా కెమెరాలు పెట్టమని, రికార్డింగ్ 18 నెలలు దాచమని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో చెప్పింది. పిల్లలకి ఆపాటి కూడా అక్కర్లేదా?

రాత్రిషిఫ్ట్
కెమెరా అంటే నాకేం పగ లేదండీ. కానీ దెబ్బలు పడేది ఎక్కడ? మంచాల మధ్య తక్కువ. పొద్దున్నే బాత్రూముల దగ్గర ఎక్కువ. జువెనైల్ జస్టిస్ చట్టం కింద కేంద్రం తెచ్చిన 2016 మోడల్ రూల్స్ ప్రకారం 50 మందికి 5 బాత్రూములు, 8 లెట్రిన్లు. అందులో రెండు కుళాయిలు పాడైతే చాలు, క్యూ పెరుగుతుంది. ముందెవరు వెళ్లాలో తేల్చేది ‘లీడర్’. బాత్రూములో కెమెరా పెట్టమని మీరూ అనరు కదా.

ఈ లీడర్ ఎలా పుడతాడో చూడండి. 100 మందికి నలుగురు హౌస్‌ఫాదర్లని, అంటే పిల్లల్ని దగ్గరుండి చూసుకునే సిబ్బందిని, ఆ రూల్సే సూచించాయి. మూడు షిఫ్టులు వేసి, వీక్లీ ఆఫ్, ఒక సెలవు తీసేస్తే రాత్రికి మిగిలేది ఒక్కడు. 25 మంది చొప్పున నాలుగు గదులు. ఒక్కడు నాలుగు గదులు కాయలేడు గనక గదికో బలమైన కుర్రాణ్ని చూసుకోమంటాడు. వాడికి జీతం ఉండదు, చేతిలో గరిటె ఉంటుంది. వడ్డించేది వాడే. గరిటె పైపైన ముంచితే చారు, అడుగు నుంచి తిప్పి తీస్తే పప్పు. ఎవడికి ఎలా ముంచాలో వాడిష్టం. సగం పాలన దాంతోనే అయిపోతుంది. మిగతా సగం లైటార్పాక, దుప్పటి కింద. మీ కెమెరాకి దుప్పటి కనిపిస్తుంది.

వేపచెట్టు
నేరం చేసి వచ్చినోళ్లకి పప్పు లెక్కలా! బాధితుల మాట ఎత్తినవాడే లేడు ఇక్కడ.

లాపాయింట్
వేపచెట్టు గారూ, అబ్జర్వేషన్ హోమ్ అంటేనే విచారణ నడుస్తుండగా ఉంచే చోటు. తప్పు తేలాక పంపేది స్పెషల్ హోమ్‌కి.

రాత్రిషిఫ్ట్ గారూ, నేరం మొత్తం లీడర్ నెత్తిన పెట్టేశారు. మరి సిబ్బంది? జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 82లో శారీరక శిక్షకి మొదటిసారి 10 వేల జరిమానా, మళ్లీ చేస్తే 3 నెలల దాకా జైలు. క్రూరత్వమైతే సెక్షన్ 75, సంస్థలో పనిచేసేవాడే చేస్తే 5 ఏళ్ల దాకా. ఇవి నిలబడకపోవడానికి కారణం చూసినవాడు లేకపోవడమే. కెమెరా ఉంటే చూసినట్టే.

మల్లన్న_హైద్రాబాద్
కెమెరా ఉంటె చూసినట్టు కాదన్నా, డిస్కు ఉంటె చూసినట్టు. 8 కెమెరాలు, ఒక్కోటి 2 ఎంబీపీఎస్ అనుకో. రోజుకు 170 జీబీ పైనే. 2 టీబీ డిస్కు 11 రోజులల్ల నిండుతది, పాతదాని మీద కొత్తది ఎక్కుతది. పోరడు భయం తీరి నోరు తెరిచేసరికి పదిహేను రోజులైతది, అప్పుడు ఫుటేజ్ ఏడికెళ్లి తెస్తవ్? ఇంకోటి, రికార్డింగ్ దాచే డబ్బ, అదే డీవీఆర్, ఉండేది సూపరింటెండెంట్ రూంల. ఫిర్యాదు ఎవరి మీదనో సాక్ష్యం వాళ్ల టేబుల్ కిందనే. యూపీఎస్ బ్యాటరీ ఖరాబైతే కరెంట్ పోయినప్పుడల్లా అంతా ఖాళీ.

లాపాయింట్
డిస్క్ పెద్దది వేయించండి. డీవీఆర్ జిల్లా బాలల పరిరక్షణ అధికారి ఆఫీసులో పెట్టించండి. దీనికి కెమెరానే వద్దనడం ఎందుకు?

శారద_కౌన్సెలింగ్
డార్మిటరీ అంటే పిల్లలు బట్టలు మార్చుకునే చోటు కూడా. ఆ వీడియో ఫోన్లలో బయటికి పాకితే సెక్షన్ 74 కింద పిల్లల గుర్తింపు బయటపెట్టిన నేరం. నన్నడిగితే కెమెరా వరండాలోనే ఉండాలి, కానీ దాని చూపులో డార్మిటరీ తలుపు, బాత్రూము వరస తలుపులు రెండూ పడాలి. ఎవరు ఎవరి వెనక వెళ్లారు, ఎంతసేపటికి వచ్చారన్నది చాలావరకు అక్కడే తెలుస్తుంది. బాత్రూము తలుపు కింద 9 అంగుళాలు కోసేయండి, లోపల ఎన్ని కాళ్లున్నాయో కనిపిస్తుంది. గడియ బయటి నుంచి కూడా తీయగలిగేదై ఉండాలి.

ఫిర్యాదు పెట్టె సంగతి కూడా చూడండి. అది ఆఫీసుకి దూరంగా, పిల్లల గదులకి దగ్గరగా ఉండాలి. తాళంచెవి మేనేజ్‌మెంట్ కమిటీ చైర్‌పర్సన్ దగ్గర ఉండాలి. వారానికోసారి పిల్లల కమిటీ ఎదుట తెరవాలి. ఇవన్నీ రూల్స్‌లో ఉన్నవే.

రాత్రిషిఫ్ట్
ఆ పెట్టెకి ఎదురుగా కెమెరా పెడతారు మేడమ్, పెట్టె పగలగొట్టకుండా. ఇక చీటీ వేసే ధైర్యం ఎవడికి?

లాపాయింట్
కెమెరా పక్కకి తిప్పితే పోయేదానికి ఇంత రాద్ధాంతమా? చూస్తుంటే మీకు ఏ సాక్ష్యమూ ఉండకూడదన్నట్టుంది.

రాత్రిషిఫ్ట్
మాట జాగ్రత్తండీ. పెట్టె తెరిచి నాలుగు వారాలైతే కెమెరా ఎటు తిప్పినా ఒకటే. ఆదివారం రాత్రి రెండింటికి నాలుగు గదుల మధ్య ఒక్కడే మనిషి ఎందుకున్నాడు? దీనికి జవాబు చెప్పరు, నామీద అనుమానం మాత్రం పడతారు.

వేపచెట్టు
గొడవ చేసినోణ్ని పట్టుకుని రెండు తగిలిస్తే రాత్రంతా ప్రశాంతం. ఇంట్లో చేయమా ఏంటి.

శారద_కౌన్సెలింగ్
పట్టుకోవడం తేలిక కాదు. 2004లో ఇంగ్లండ్‌లోని రెయిన్స్‌బ్రూక్ సెంటర్లో 15 ఏళ్ల పిల్లాణ్ని ముగ్గురు సిబ్బంది కూర్చోబెట్టి ముందుకి వంచి పట్టుకున్నారు. ఊపిరాడట్లేదని చెప్పినా వదల్లేదు, చనిపోయాడు. ఆ పట్టుని తర్వాత తీసేశారు. ఛాతీ మీద, వీపు మీద బరువు వేయకూడదు, నడుము దగ్గర ముందుకి వంచకూడదు, ఊపిరాడట్లేదంటే ఆ క్షణమే వదలాలి. ముందు మిగతా పిల్లల్ని గది బయటికి పంపాలి. చూసేవాళ్లు లేకపోతే గొడవ సగం అక్కడే చల్లారుతుంది. అయ్యాక నర్సు చూడాలి, ఎన్నింటికి పట్టుకున్నారు, ఎన్నింటికి వదిలారు అన్నది రిజిస్టరులో రాయాలి. ఇదంతా చేయడానికి కనీసం ఇద్దరుండాలి. రాత్రిషిఫ్ట్ గారి లెక్కలో ఉన్నది ఒక్కడు.

లాపాయింట్
సరే, మనుషులు చాలరు. వాళ్లని వేసేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవాలా?

రాత్రిషిఫ్ట్
విప్పి చెప్తాను. పిల్లాడు గోడ దూకితే తెల్లారేసరికి సస్పెన్షన్. పిల్లాడి చెవి కమిలితే మెమో, అదీ ఎవరైనా చూస్తే. అందుకే రాత్రి తొమ్మిదికి డార్మిటరీ తలుపుకి బయట గొళ్లెం పడుతుంది. నిప్పంటుకుంటే ఏమవుతుందన్నది ఎవరికీ పట్టదు. పారిపోయిన పిల్లాడి మీద అదనపు కేసు పెట్టకూడదని సెక్షన్ 26లో రాసే ఉంది, అయినా భయమంతా గోడ మీదే. మీరు పిల్లల కోసం కెమెరా అడుగుతారు. వచ్చాక అది చూసేది గోడనే.

లాపాయింట్
అంటే గొళ్లెం తీసేయమంటారా? పక్కింట్లో దొంగతనం చేసినవాడైతే సరే. హత్య కేసులో ఉన్న 17 ఏళ్లవాడుంటే?

రాత్రిషిఫ్ట్
వాడి కోసమే సెక్షన్ 49లో ‘ప్లేస్ ఆఫ్ సేఫ్టీ’ విడిగా పెట్టారు. ఆ భవనం లేదని వాణ్ని తెచ్చి ఫోన్ కొట్టేసిన 13 ఏళ్లవాడి పక్క మంచం ఇస్తున్నారు. గొళ్లెం ఇద్దరికీ ఒకటే. నేను దీన్ని హోమ్ అంటున్నాను, మీరు చిన్న జైలు అనుకుని దానికి మంచి కెమెరా వెతుకుతున్నారు. మన తగాదా ఇదే, గరిటె కాదు.

లాపాయింట్
చిన్న జైలే అనుకోండి. జైల్లో అయినా దెబ్బలు పడకూడదు.

మల్లన్న_హైద్రాబాద్
ఇద్దరూ ఆగుండ్రి. లోపల మంది తగ్గితె ఆ ఒక్కడు కూడా కాయగలడు. సెక్షన్ 12ల బెయిలే మామూలు, కాదంటె పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు కారణాలు రాయాలె. బెయిల్ వచ్చి షరతులు కట్టలేక 7 రోజులు దాటినోణ్ని షరతులు మార్చుతందుకు మళ్ల బోర్డు ముంగట పెట్టాలె, అది 12(4). ష్యూరిటీ దొరకక లోపల్నే ఉన్నోళ్లు ఎందరని ప్రొబేషన్ ఆఫీసర్ ప్రతి శుక్రవారం ఒక కాగితం తీస్తే చాలు.

శారద_కౌన్సెలింగ్
ఆ కాగితంలో ఆర్డర్ తేదీ, షరతు, తల్లిదండ్రుల ఊరు మూడూ వేయండి. పక్క జిల్లా హోమ్‌లో పెట్టినవాళ్లకి ష్యూరిటీ ఆలస్యమయ్యేది చాలాసార్లు బస్సు చార్జీల దగ్గరే.

లాపాయింట్
పంపండి, చూస్తాను. కెమెరా మీద నా మాట మాత్రం మారలేదు.