లీడ్సిక్తిస్ పొడవు 27 మీటర్లా, 16 మీటర్లా?

గోదారిగట్టు:
మా బాబు స్కూలు చార్టు కోసం ఈ జురాసిక్ కాలపు చేప బొమ్మ గీసి, పక్కన 27 మీటర్లు అని రాశాం. 16 మీటర్లే అని ఇక్కడ ఒకరు కొట్టిపారేశారు. 27.6 లెక్క 1986లో డేవిడ్ మార్టిల్ వేసింది. ఒక శాస్త్రవేత్త మాటను అంత తేలిగ్గా తీసేస్తే ఎలా?

రాళ్లబాట:
మార్టిల్ గారి మీద నాకూ గౌరవమే అండీ. కానీ ఈ చేప వెన్నుపూసలు శిలాజాలుగా మిగల్లేదు. అస్థిపంజరంలో చాలా భాగం మృదులాస్థి కావడంతో పాడైపోయింది. దొరికేవి మొప్పలు, రెక్కలు, తోక, పుర్రె ముక్కలు. మొప్పల సైజును దీని బంధువైన చిన్న చేపతో పోల్చి, అదే నిష్పత్తిలో పెంచితే 27 వచ్చింది. అంత పెంచినప్పుడు నిష్పత్తిలో కాస్త తేడా ఉన్నా మీటర్లకు మీటర్లు మారిపోతాయి.

ముక్కల్ని చూసి పొరబడటం ఈ చేప విషయంలో మొదటి నుంచీ ఉంది. ఇంగ్లండులో పీటర్‌బరో దగ్గర ఇటుకల మట్టి గుంటల్లో ఆల్ఫ్రెడ్ లీడ్స్ అనే రైతు ఈ ఎముకలు ఏరితే, 1887లో వాటిని స్టెగోసార్ అనే డైనోసార్ వీపు పలకలు అనుకున్నారు. 1888లో చేప అని గుర్తించింది అమెరికా నుంచి వచ్చిన డైనోసార్ల నిపుణుడు మార్ష్. మరుసటి ఏడాది చేపల నిపుణుడు వుడ్‌వర్డ్ పెట్టిన పేరులోనే 'ప్రాబ్లమాటికస్' (చిక్కు తెచ్చేది) ఉంది!

2013లో జెఫ్ లిస్టన్ బృందం ఎముకల్లో ఏటా పడే వలయాలు లెక్కపెట్టింది. 20 ఏళ్లకు 8-9 మీటర్లు, 38 ఏళ్లకు దాదాపు 16.5 అని తేల్చింది.

గోదారిగట్టు:
వలయాలు వయసు చెబుతాయి, పొడవు చెప్పవు కదా? ఆ 16.5 కూడా బంధువు చేపలతో పోల్చి వేసిందే. 2001లో బయటపడిన చేపకు 2,100కు పైగా ముక్కలు దొరికినా మొత్తం పొడవు కొలవడం కుదరలేదు.

రాళ్లబాట:
ఆ మాట ఒప్పుకుంటాను. అదీ అంచనానే. అయితే ఈసారి ఒక్క చేపను కాదు, వేర్వేరు వయసుల చేపల్ని పక్కపక్కన పెట్టి చూశారు. పెరుగుదల వరస కనిపిస్తోంది. అందుకే నాకు దీనిమీదే ఎక్కువ నమ్మకం. 16 అన్నా చిన్నదేం కాదు, నేటి తిమింగలం సొర అంత!

గోదారిగట్టు:
సరే, చార్టులో 'సుమారు 16 మీటర్లు, అంచనా' అని మార్చాం. లండన్ మ్యూజియంలో ఉన్న తోక ఎత్తు మాత్రం టేపుతో కొలిచిందే, 2.74 మీటర్లు. గోడ మీద సుద్దతో అంత గీత గీస్తే మావాడి చెయ్యి సగానికి కూడా అందలేదు.