బీఎస్సీ ఫిజిక్స్ తర్వాత వాతావరణ శాస్త్రం: ఏ దారి?

యలహంక_వాన:
బెంగళూరులో బీఎస్సీ ఫిజిక్స్, మ్యాథ్స్ చివరి ఏడాది. వాతావరణ శాఖలో చేరాలంటే ఎమ్మెస్సీ తప్పదా? ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్)కి ఏ పరీక్ష రాయాలి? ఈలోగా చేయదగ్గ ప్రాజెక్టు ఏదైనా ఉంటే చెప్పండి.

ఈశాన్యగాలి:
వాతావరణ శాఖలో సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టుకి ఎమ్మెస్సీ అక్కర్లేదు. పీయూసీ (ఇంటర్)లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండి, ఫిజిక్స్‌తో డిగ్రీ ఫస్ట్ క్లాసులో పాసైతే ఎస్‌ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) పరీక్ష రాయొచ్చు. కానీ 2017లో ఒక నోటిఫికేషన్, మళ్ళీ 2022లో 990 పోస్టులకు. దాని మీదే కూర్చుంటే ఏళ్ళు పోతాయి. పైగా షిఫ్టు డ్యూటీ: పైగాలిని కొలిచే బెలూన్ ఎగరేసే కేంద్రాల్లో పొద్దున 5:30, సాయంత్రం 5:30 లెక్కలకు పండగ, ఆదివారం ఉండవు.

ఐఐఎస్‌సీ వాతావరణ విభాగంలో పీహెచ్‌డీకి మూడేళ్ళ బీఎస్సీతో నేరుగా కుదరదు. ముందు ఎమ్మెస్సీ చేయండి. విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో, కొచ్చి కుశాట్ యూనివర్సిటీలో మెటియరాలజీ (వాతావరణ శాస్త్రం) ఉంది. ఆ తర్వాత గేట్ పరీక్షలో ఎక్స్‌ఈ (ఇంజనీరింగ్ సైన్సెస్) పేపర్: ఆప్టిట్యూడ్ 15 మార్కులు, మ్యాథ్స్ 15, మీరు ఎంచుకునే రెండు సెక్షన్లు 35 చొప్పున. అట్మాస్ఫెరిక్ సెక్షన్‌కి జోడీగా ఫ్లూయిడ్ మెకానిక్సే తీసుకోండి. సమీకరణాలు చాలావరకు అవే, చదువు సగం కలిసొస్తుంది.

గడి_గడి:
ప్రాజెక్టుకు బెంగళూరు వాన చాలు. వాతావరణ శాఖ 0.25 డిగ్రీల గడుల్లో ఇచ్చే రోజువారీ వర్షపాతాన్ని ఈఆర్‌ఏ5తో (యూరప్ కేంద్రం మోడల్, పరిశీలనలు కలిపి గంటగంటకూ లెక్కగట్టిన పాత వాతావరణ డేటా) పోల్చండి. రెండింటిలోనూ 13.0 ఉత్తర అక్షాంశం, 77.5 తూర్పు రేఖాంశం బిందువు ఉంది, ఇంటర్‌పొలేషన్ (పక్క బిందువుల నుంచి అంచనా కట్టడం) గొడవ లేదు. ఈఆర్‌ఏ5 వాన మీటర్లలో ఉంటుంది, 1000తో గుణించాలి. శాఖ ఫైల్లో -999 అంటే డేటా లేదని, సగటులో కలపకండి.

అందరూ బోల్తా పడేది తేదీ దగ్గర. శాఖ లెక్కలో రోజంటే ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా, రాసేది మాత్రం ముగిసిన తేదీ కింద. మన ఊళ్ళో ఉరుముల వాన సాయంత్రాలే ఎక్కువ. సోమవారం రాత్రి 8కి కురిసింది శాఖ ఫైల్లో మంగళవారం కింద ఉంటుంది. మీరు ఈఆర్‌ఏ5ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం, మనకంటే ఐదున్నర గంటలు వెనక) 00 నుంచి 23 వరకు కూడితే సోమవారంలోనే పడుతుంది. కోరిలేషన్ (రెండింటి పొంతన) చచ్చి ఊరుకుంటుంది, తప్పేమో మోడల్ నెత్తిన రుద్దుతారు. ఈఆర్‌ఏ5లో ప్రతి విలువా అంతకుముందు గంటలో పడిన వాన. అందుకని మంగళవారానికి సోమవారం 04 యూటీసీ నుంచి మంగళవారం 03 వరకు 24 విలువలు కూడాలి.

యలహంక_వాన:
8 జీబీ ల్యాప్‌టాప్‌తో అవుతుందా అన్నా?

గడి_గడి:
ఒక్క బిందువుకి ఏడాదికి 8,760 విలువలే కదా. దేశమంతా డౌన్‌లోడ్ చేయకుండా ఆ చిన్న చదరం మాత్రం కోసుకోండి. పైథాన్‌లో ఎక్స్‌అర్రే లైబ్రరీ చాలు.

ఈశాన్యగాలి:
ఇంకోటి మరిచాను. గాలిమరలు, సోలార్ ప్లాంట్లకు ఉత్పత్తి అంచనాలిచ్చే కంపెనీలు కూడా ఉన్నాయి. అక్కడ రోజును 15 నిమిషాల చొప్పున 96 బ్లాకులు చేస్తారు, అంచనా హద్దు దాటి తప్పితే ప్లాంటుకు జరిమానా. ఇంటర్వ్యూలో ఇలాంటి టైమ్ లెక్కలే గుచ్చి అడుగుతారు.